ఏడు సముద్రాల అవతలి ముడి

అనగా అనగా, మగ్గాల చప్పుడుతో తెల్లవారే ఒక రాజ్యం. దానికి హేమాంగదుడు రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. కత్తి పట్టకముందు ఏడాదిపాటు మగ్గం మీద కూర్చోవాలన్నది ఆ వంశాచారం. పెద్దవాళ్లిద్దరూ నేతగాళ్ల చేత నేయించి తమ నేతే అన్నారు. మూడోవాడు సుదక్షిణుడు మాత్రం నిజంగానే నేశాడు.

ఏడు సముద్రాల అవతల, ఇటలీ దేశంలో, ఒర్సో అనే మాంత్రికుడు రాకుమారి ఫియోరెల్లాను కోటలో బంధించాడు. వాడి ప్రాణం చిలకలో ఉందని లోకమంతా చెప్పుకునేది. పెద్దవాడు వెళ్లాడు, రాలేదు. రెండోవాడు వెళ్లాడు, రాలేదు. మూడోవాడూ వెళ్లాడు.

కోట వాకిట రెండు రాతిబొమ్మలు, ఎత్తిన కత్తులతో. చూస్తే అన్నలే! పక్కన కొమ్మ మీద చిలక. దాని కాలికి చిక్కుపడిన పట్టుదారం, మూడు ముడులతో.

"నువ్వూ నరుకు, నువ్వూ రాయివైపో. అందరూ నరకడానికే వస్తారు," అంది చిలక.

"మా మగ్గాల దగ్గర ముడికి కత్తి పెట్టం చిలకమ్మా, కొస వెతుకుతాం. ఇది ఎలా పడింది?"

"ఒర్సో 'లెగారె' అన్నాడు. ఇక్కడి మాటలో కట్టడమని."

"మరి విప్పడానికో?"

చిలక తల వాల్చి చూసింది. వందేళ్లలో దాన్ని ఎవరూ ఏదీ అడగలేదు.

"మాట మూలం అదే. ముందు 'స' తగిలించు. స్లెగారె."

"పడుగు అదే, పేక మారిందన్నమాట! ఇంకేం తగిలించొచ్చు?"

"కొల్లెగారె. రెంటినీ కలిపి కట్టడం."

"ఇంకా?"

"ముందు నా కాలు చూడవయ్యా!"

సుదక్షిణుడు "స్లెగారె" అన్నాడు. ముడులు వదులయ్యాయే గాని ఊడలేదు. వేళ్లతో కొస పట్టాడు. మొదటి ముడి విడింది. రెండోది విడింది. ఒర్సో పరుగున వచ్చాడు.

"ఏం చేస్తున్నావురా?"

"కొస దొరికింది తాతా, ఒక్క క్షణం."

మూడో ముడీ విడింది. చిలక ఎగిరింది. ఒర్సో దారపు కుప్పలా కూలిపోయాడు. వాడి ప్రాణం చిలకలో లేదు, ముడిలో ఉంది.

రాళ్లు మనుషులయ్యాయి. "చిలకను నరికేశావా తమ్ముడూ?" అన్నాడు పెద్దవాడు. తమ్ముడు నవ్వి దారం చూపించాడు. కోట తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి, ఫియోరెల్లా బయటికొచ్చింది.

పెళ్లిలో పురోహితుడు కొంగుముడి వేస్తుంటే పెళ్లికూతురు "కొల్లెగారె!" అంది. పందిట్లో ఎవరికీ అర్థం కాలేదు, పెళ్లికొడుక్కీ చిలకకీ తప్ప.

అరవై ఏళ్లు ఏలారు వాళ్లు. అన్నలిద్దరూ మాత్రం ఆ పెళ్లయిన మర్నాడే మగ్గం ఎక్కారు, ఈసారి నిజంగా.