రంగుకు ముందు దీపం

ఇంతవరకూ పైకి అనని మాట ఇది. మా ఆఫీసులో కోడ్ తనిఖీని దాని చోటు నుంచి తీసేసింది మా సీనియర్ హైమక్క కాదు, నేను.

నేను కోడ్ రాయడం కాలేజీలో నేర్చుకున్నదాన్ని కాదు. అక్కడా ఇక్కడా చూసి, పాడుచేసి, మళ్ళీ బాగుచేసి నేర్చుకున్నాను. ఆగడం ఒక్కటే నేర్చుకోలేదు. హైమక్క పెట్టిన తనిఖీ, రాసిన కోడంతా కలిపి ప్రోగ్రాముగా కట్టే బిల్డ్ మొదలయ్యే ముందు ప్రతిసారీ ఏడు నిమిషాలు ఆపేది. ఆవిడ సెలవు పెట్టిన రోజున, నమ్మి నాకిచ్చిన తన పాస్‌వర్డ్‌తోనే, దాన్ని తీసి అన్నిటికన్నా చివర పెట్టాను. నా కోడ్‌లోని తప్పు, అంతా కట్టడం అయిపోయాక బయటపడింది. పాస్‌వర్డ్ ఆవిడది కాబట్టి మార్పు పక్కన ఆవిడ పేరే ఉంది. మిగతాది సూటిగా రాయబోతే చెయ్యి సాగడం లేదు. కథలా చెబుతాను.

ఒక నేతవాడ. అక్కడ చీర మీద బొమ్మ మగ్గం మీద పుట్టదు. నూలు ఇంకా తెల్లగా ఉన్నప్పుడే, రంగు అంటకూడని చోటల్లా పాత సైకిల్ ట్యూబు పట్టీలతో ముడులు కడతారు. తర్వాత రంగు కాగులో ముంచుతారు. ముడి ఉన్నచోట తెలుపు నిలుస్తుంది. నేసినప్పుడు ఆ తెలుపే చిలుక అవుతుంది. ఒక పడుగుకు, అంటే ఒకసారి మగ్గానికెక్కే నిలువు నూలుకు, ఎనిమిది చీరలు. ముడుల్లో ఒక్క వరస పక్కకు జరిగితే ఎనిమిదింటా చిలుకలు చెడతాయి.

ఆ వాడలో దీపం అవ్వ ఉండేది. ముడులు కట్టడం అయ్యాక నూలును కాగు పక్కనే రెండు గుంజల మధ్య సాగదీయించి, వెనక దీపం పెట్టి, ముడుల మీద వేళ్ళు పోనిచ్చేది. పెదవులు లెక్కపెడుతుండేవి. కళ్ళు మాత్రం మూసుకునే ఉండేది.

"కండ్లు మూసుకుంటివి, ఇగ దీపమెందుకు అవ్వా?" అని ఎవరైనా నవ్వేవాళ్ళు.

"నాకు గాదు, ముడి కట్టినోళ్ళకు. వాళ్ళు సుత చూడాలె గద!"

తప్పు దొరికితే అరిచేది కాదు. ఆ ముడి విప్పి, సరైన చోట మళ్ళీ చుట్టి, "ఇంకా తెల్లగనే ఉంది బిడ్డా, బతికినం" అనేది. అన్నీ చూశాకే దీపాన్ని కాగు దగ్గర నుంచి తీసేది. దీపం ఉంటే ముంచకూడదు, లేకపోతే ముంచొచ్చు. ఆ వాడ కట్టుబాటు అంతే.

ముడులు కట్టే అమ్మాయి ఒకతి ఉండేది. ఎవరూ నేర్పని చెయ్యి, చాలా వేగమైన చెయ్యి.

"అవ్వా, మగ్గం మీద చూస్తే అయిపోతది గద? బొమ్మ మంచిగ కనబడుతది."

"కనబడుతది. చూసి ఏం జేస్తవ్?"

"అట్లయితే ముడి ముడికి చూడరాదు?"

"ముడి ముడికి చూస్తే ఆ చీర నీ మనుమరాలు కడతది." అవ్వ నవ్వింది. "విప్పరాని పని ఒకటి ఉంటది బిడ్డా. దానికి ఒక్క అడుగు ముందు నిలబడాలె. గంతే."

అమ్మాయికి మాట నచ్చింది. నిలబడడమే నచ్చలేదు.

ఒకరోజు అవ్వ చెల్లెలి ఊరికి పోయింది. పడుగు సిద్ధంగా ఉంది. దీపం కాగు పక్కన వెలుగుతోంది. పెళ్ళివాళ్ళ చీరలు, పది రోజులే గడువు. అమ్మాయి అటూ ఇటూ చూసి, దీపం తీసుకెళ్ళి మగ్గం పక్కన పెట్టింది. అవ్వ వచ్చాక అక్కడ చూసుకోవచ్చు అనుకుంది. రంగులాయన వచ్చాడు. దీపం లేదు. ముంచాడు.

అవ్వ వచ్చేసరికి మగ్గం మీద జానెడు నేత దిగింది. ఆమె వేళ్ళు ఒక్కసారి పోనిచ్చి "ఆపుండ్రి" అంది. ప్రతి చిలుకకూ కన్ను మెడ మీద పడింది.

"మెడల కన్నేంది? చిలుక గుటకేసినప్పుడల్లా కన్ను గొడతదా?" అన్నాడు నేతగాడు. ఎవరూ నవ్వలేదు.

పని ఇచ్చే ఆసామి వచ్చాడు. "దీపం తీసేటిది నువ్వొక్కదానివే గద అవ్వా."

అవ్వ అందరి ముఖాలూ చూసింది. అమ్మాయి ముఖం దగ్గర కాస్త ఆగింది. ఏమీ అనలేదు. అమ్మాయి కూడా అనలేదు.

తప్పు చేసినవాళ్ళు తెల్లారి తమ పనిముట్టును ఆసామి గడప మీద పెట్టి వాడ విడిచిపోవాలి. అదీ కట్టుబాటే. అవ్వ పనిముట్టు ఆ దీపమే. ఆ సాయంత్రం అమ్మాయి కాగు దగ్గరికి వస్తే, అవ్వ అక్కడే ఉంది. తర్వాతి పడుగు సాగదీసి, వెనక దీపం పెట్టి, ఎవరూ అడగకుండానే చూస్తోంది. వేళ్ళు ఒకచోట ఆగాయి. ఆ ముడి కట్టింది అమ్మాయే.

అవ్వ దాన్ని విప్పి, సరిగ్గా చుట్టింది.

"ఇంకా తెల్లగనే ఉంది బిడ్డా" అంది. ఈసారి బతికినం అనలేదు.

వాడ విడిచిపోయే మనిషికి ఈ పడుగుతో ఏం పని? నాకు ఎన్నిసార్లు తలచుకున్నా ఆశ్చర్యమే. పరువు పోయిన రోజున కూడా ఆ వేళ్ళు లెక్క తప్పలేదు.

కథలో ఇంకా తెల్లారలేదు. దీపం ఇంకా కాగు దగ్గరే ఉంది.

రేపు పది గంటలకు హైమక్క సంజాయిషీ ఇవ్వాలి. తప్పు తనదే అని సంతకం పెట్టి, ఉద్యోగం వదిలి వెళ్ళాలి. సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు, సంజాయిషీలో ఏం రాశారని అడిగాను. ఆవిడ రేపు బిల్డ్‌కు వెళ్ళాల్సిన నా కోడ్ చూస్తూ, తల ఎత్తకుండానే అంది: "ఇంకా ఏం రాయలేదమ్మా. కాగితం తెల్లగానే ఉంది."

ఇది రాయడం ఇక్కడ ఆపేస్తున్నాను. హైమక్కకు ఫోన్ చెయ్యాలి.