పొంగిన పీపా

ఆ ఏడు బార్లీ కోతలు సరిగ్గా వానలో పడ్డాయి. పంట పండగ చూస్తే ముంచుకొస్తోంది. కొండలోయలోని ఆ క్రైస్తవ మఠంలో బీరు కాసే పని మొదటిసారి కుర్ర సన్యాసి ఓస్విన్ చేతికొచ్చింది. బాగా కుదిరితే ఆ పని ఇక అతనిదే. కుదరకపోతే మళ్లీ వంటింట్లో అంట్లు తోముకోవాల్సిందే. పాపం, ఆ బెంగతో కంటిమీద కునుకు లేదు.

పండగనాటి పొద్దున పీపా బిరడా తీశాడో లేదో, నురగ బుస్సున పొంగి మోచేతులదాకా తడిపేసింది. ఓస్విన్ ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. దేవుడి దీవెన కాకపోతే ఇంత పొంగు ఎక్కడిది? పరుగున వెళ్లి గురువు ఫాదర్ బెర్తోల్డ్‌ని పిలుచుకొచ్చాడు.

ముసలాయన నురగ చూశాడు గాని బీరు ముట్టుకోలేదు. మూలనున్న బస్తాలో చెయ్యిపెట్టి, మిగిలిన గింజలు కాసిని పైకి తీశాడు. కొన్ని గింజలు గులాబీ రంగుకు తిరిగి ఉన్నాయి.

“బూజు పట్టింది కదా,” అన్నాడు.

“కడిగాను ఫాదర్. ఎండబెట్టాను. పొద్దస్తమానం మరగబెట్టాను. ఇంకా బతికుంటుందా?”

“బూజు చస్తుంది నాయనా. అది కక్కిన విషం మరిగినా పోదు. ఈ పొంగు కూడా దాని పనే.”

ఓస్విన్ మొహం మాడిపోయింది. అయినా మనసొప్పలేదు. “ఇంత పీపాలో ఆ కాసిని గింజలు ఎవరికి తెలుస్తాయి? తాగగానే ఎవరూ పడిపోరుగా?”

“పడిపోరు. ఇవాళ కడుపులో తిప్పుతుంది. రోజూ తాగితే లోపల్లోపలే మనిషిని తినేస్తుంది.”

ఆయన ఇక వాదించలేదు. ఒక కూజా నింపి శిష్యుడి చేతిలో పెట్టాడు.

“మొదటి కూజా చంటిబిడ్డ తల్లికివ్వడం మన ఆనవాయితీ. గేటు దగ్గరుంది. ఇచ్చిరా.”

ఆ లోయలో నీళ్లు మంచివి కావు. పిల్లాజెల్లా అందరికీ పలచటి బీరే దాహం తీర్చేది. చంకలో బిడ్డతో నిలబడ్డ ఆ తల్లి నవ్వుతూ చెయ్యి చాచింది. ఓస్విన్ కూజా ఇవ్వలేకపోయాడు. గుండెలకు హత్తుకుని అక్కడే నిలబడిపోయాడు.

“బూజు పట్టిన బార్లీతో కాశానమ్మా. తాగొద్దు. పండగకి బీరు లేదు.”

ఆమె చాచిన చెయ్యి దించింది.

“ముందే చెప్పారు బ్రదర్, అదే పదివేలు. మా అటక మీద నిరుటి బార్లీ ఉంది, ఎండి గలగలమంటోంది. మా ఆయనచేత పంపిస్తాను, మళ్లీ కాయండి. పండగ కొన్నాళ్లు ఆగితే కొంపలేం మునగవు.”

ఓస్విన్ వెనక్కి వచ్చి కూజా పారబోశాడు. తర్వాత పీపాని కాలవలోకి వంచేశాడు. అది ఖాళీ అయ్యేదాకా చూసి, బీరు కాసే గది తాళంచెవి తీసి గురువు ముందు పట్టాడు.

ఫాదర్ బెర్తోల్డ్ ఆ చేతిని తాళంచెవితో సహా మూసేశాడు.

“పోసేవాళ్లు ఎంతమందైనా దొరుకుతారు నాయనా. పారబోసేవాడి కోసమే ఇన్నాళ్లూ చూస్తున్నాను.”