వట్టిచేతులమ్మ గట్టు

ఈ గట్టు ఎక్కే భక్తులు ముందుగా కింద హద్దురాతి దగ్గర ఆగాలి. గొడ్డలి, కొడవలి, కత్తి, ఏది ఉన్నా అక్కడే విడిచిపెట్టాలి. కొబ్బరికాయలు కూడా అక్కడే కొట్టుకోవాలి. "అయ్యో, సంచిలో ఉన్న సంగతే మరిచిపోయామండీ" అనే పెద్దమనుషులను మా ఊరివాళ్లు మొహమాటం లేకుండా వెనక్కి పంపుతారు. పైన కొలువైన వట్టిచేతులమ్మ రెండు అరచేతులూ చాచి ఉంటుంది. ఆ చేతుల్లో ఏ ఆయుధమూ లేదు.

పూర్వం ఇక్కడ తిప్పానాయుడు అనే పాలెగాడు ఉండేవాడు. జనం ఇష్టారాజ్యంగా చెట్లు నరకడంతో గట్టు మీది ఊట సన్నగిల్లింది. అది చూసి నాయుడు అడవి చుట్టూ ముళ్లకంచె వేయించి, దాటినవారి చేతులు నరికిస్తానని దండోరా వేయించాడు. తలపెట్టింది మంచి పనే. కానీ ఎండుపుల్లలు ఏరుకునేవారికీ, మేకలు తోలుకునేవారికీ కూడా దారి మూసేశాడు.

మేకలు కాసుకునే ఈరక్క కూతురు ఆ ఎండాకాలంలోనే ప్రసవించింది. ఇంట్లో పుల్ల లేక పొయ్యిలో పిల్లి లేవలేదు. బాలింతకు చన్నీళ్లు ఎలా పోస్తుంది? ఈరక్క వెళ్లి నాయుడిని వేడుకుంది.

"నీకు దారి ఇస్తే ఊరంతా గొడ్డళ్లతో ఎగబడుతుంది, పో" అన్నాడాయన.

ఆ వారంలోనే అడవికి నిప్పంటుకుంది. మేకలు మేయక గడ్డి నడుమెత్తు పెరిగి ఎండిపోయి ఉంది మరి! ఊరంతా కంచె బయట చేతులు కట్టుకుని నిలబడింది. మూసినవాడినే ఆర్పుకోమన్నారు. ఈరక్కకు ఒళ్లు మండిపోయింది.

"కాలేది నాయుడి మీసం కాదురా, మన అడవి! బూడిదయ్యాక పుల్ల కోసం ఎవరి కాళ్లు పట్టుకుంటారు?" అంటూ ముళ్లకంపను చేతులతోనే పీకి లోపలికి దూకింది. జనం సిగ్గుపడి వెంట నడిచారు. పచ్చికొమ్మలతో మంటను బాదారు. గడ్డి కాలిపోయిన చోట ఒక రాయి బయటపడింది. దాని మీద చేతులు చాచిన అమ్మవారి రూపం ఉంది. మంట ఆ రాతిని దాటలేదు.

పరుగున వచ్చిన నాయుడి ముందు ఈరక్క బొబ్బలెక్కిన చేతులు చాచింది.

"కంచె దాటిన చేతులివే దొరా. నరుకుతావో, పుల్ల ఏరుకోనిస్తావో ఇప్పుడే తేల్చు. తేలేదాకా కదలను."

"మరి గొడ్డళ్ల మాటేమిటి?"

"గొడ్డలి కిందే పెట్టించు. వట్టి చేతులతో ఎంతని దోచుకుంటాం?"

నాయుడు ఆమె చేతులు చూశాడు, అమ్మవారి చేతులు చూశాడు. అక్కడే నిలబడి కట్టడి చేశాడు. ఇనుము గట్టు ఎక్కరాదు. పచ్చికొమ్మ అడవిది, రాలిన పుల్ల ఊరిది. మేకలు వంతులవారీగా మేయవచ్చు. ఈరక్క చేతులు మోపు ఎత్తే స్థితిలో లేవు. అందుకని నాయుడే పుల్లలు ఏరి, తలపాగాను చుట్టకుదురు చేసుకుని, మోపు నెత్తిన పెట్టుకుని ఆమె ఇంటికి మోశాడు. ఆ సాయంత్రం బాలింతకు వేణ్నీళ్లు కాగాయి.

నేటికీ చైత్రమాసంలో ఆలయ ధర్మకర్త స్వయంగా పుల్లలు ఏరి మోపు కట్టి, ఊళ్లో కొత్తగా ప్రసవించిన తల్లి ఇంటికి మోసుకెళ్లాలి. బండి కట్టకూడదు, కూలిమనిషిని పెట్టకూడదు. ఆ పుల్లలతో కాచిన నీళ్లు పోసుకున్న తల్లీబిడ్డలను అమ్మ చల్లగా చూస్తుంది. ఊట ఏ వేసవిలోనూ ఎండలేదు. ఇక ధర్మకర్త పదవికి ఎవరు ముందుకొచ్చినా, వారి చదువూ ఆస్తీ మా ఆడవాళ్లకు పట్టవు.

"నెత్తిన మోపు మోయగలవా నాయనా?" అని మాత్రం అడుగుతారు.