తీగ అడిగిన బిడ్డ

అనగనగా ఒక లంక. లంకంతా ఇసుక నేల. ఇసుకంతా చిలగడదుంప తీగ.

వందేళ్లుగా అది ఒకే తీగ. దుంపలు తవ్వగానే దాన్నే ముక్కలు చేసి మళ్ళీ నాటేవారు. పువ్వు పూస్తే దుంప బలమంతా అదే తినేస్తుందని గిల్లేసేవారు. అక్కడి ఆనవాయితీ అది.

ఒకనాడు అక్కడ ఒక మడి చేసుకునే సింగారమ్మ పువ్వు గిల్లబోతే తీగ నోరు విప్పింది.

"ఈ వరస పువ్వులు గిల్లకుండా వదిలెయ్యమ్మా."

"దేనికే? ముక్క నాటితే చాలదూ?"

"ముక్క నాటితే మళ్ళీ నేనే. వందేళ్లుగా నేనే. నాకో బిడ్డ కావాలమ్మా."

నలుగురు బిడ్డల్ని పెంచిన చెయ్యి అది. టక్కున ఆగిపోయింది.

ఏటిగట్టున దాని అడవి చుట్టం, పీచుదుంప తీగ ఒకటి పూసి ఉంది. తేనెటీగ ఆ పువ్వుకీ ఈ పువ్వుకీ తిరిగింది. పది గింజలు పట్టాయి.

మొదటి ఏడు ఆ గింజలు వేస్తే వేలెడు దుంపలు దిగాయి.

"సింగారత్తా, ఇవి దుంపలా, ఎలక తోకలా?" అని నవ్వాడు పెద్దకాపు పోలినాయుడు.

రెండో ఏడు మళ్ళీ గింజలే వేసింది. ఒక దుంప చేదు, ఒకటి చప్పన, మిగతావన్నీ పీచు.

"ఊరుమ్మడి నేల అత్తా ఇది. వచ్చే ఏడూ ఇంతే అయితే నీ మడి ఇంకొకరికిచ్చేస్తా."

సింగారమ్మ తీగ పక్కన కూలబడింది. "నీ బిడ్డలు నా కూడు తీసేలా ఉన్నారే!"

"బిడ్డలు కదమ్మా, చెప్పినట్టు వింటారా?"

మూడో ఏడూ సింగారమ్మ పది గింజలు వేసింది. ఆ ఏడే కుళ్లు తెగులు వచ్చింది. ఒక ముక్కకు పట్టింది, అన్నిటికీ పట్టింది. అన్నీ ఒకటే తీగ కదా మరి! ఎనిమిది రోజుల్లో లంకంతా నల్లబడింది. సింగారమ్మ మడిలో గింజ మొక్కలూ ఎనిమిది పోయాయి. రెండు మాత్రం పచ్చగా నిలిచాయి.

తల్లితీగ వాడిపోతూ అడిగింది. "నాలాగే ఉన్నాయా?"

సింగారమ్మ ఒక దుంప తవ్వి కొరికి చూసింది. "లేదే. ఆకు చీలింది, తోలు ఎర్రన. తీపి మాత్రం నీదే, కొంచెం."

"చాలమ్మా," అని తీగ కళ్లు మూసింది.

పోలినాయుడు ఖాళీ గంపతో వచ్చి తల దించుకు నిలబడ్డాడు. "అత్తా, ఊరు పస్తుంటుంది..."

"ఈ రెండు తీగల ముక్కలు తీసుకెళ్లు నాయనా. గింజ కంటే ముక్కే తొందరగా పాకుతుంది. కానీ ప్రతి మడిలో ఒక్క వరస పువ్వు గిల్లకు."

మనలాంటి వాళ్లనే పెంచుకుంటే పని సులువు. మనకు వేరైన వాళ్లకూ చోటిస్తేనే వంశం నిలుస్తుంది.