పెద్ద కత్తెర

మెహరున్ చేసిన కాగితపు కందిళ్లకు వంక పెట్టడం మా ఊళ్లో ఎవరివల్లా కాలేదు. పెళ్లిళ్లలో బిర్యానీకి వంక పెట్టడం కోసమే భోజనానికి వెళ్లే మసీదు వ్యవహారాలు చూసే ముతవల్లీ గారు కూడా వాటి ముందు కాసేపు నిలబడి, ఏమీ దొరక్క ఇంటికి వెళ్లిపోయారు. కానీ హబీబా అనే ఐదేళ్ల పిల్ల చేత ఒక్క కాగితమన్నా ముట్టించడం మాత్రం మెహరున్ వల్ల కాలేదు.

ఆ పని ఆమెకు అప్పజెప్పింది ఆమె గురువు హుసేన్‌బీ. మా వీధి పిల్లలకు అరబీ అక్షరాలు నేర్పే ముసలామె. అందరూ ఉస్తానీ అంటారు. రంజాన్ చివరి రోజుల్లో, సాయంత్రం నమాజుకూ ఉపవాసం విడిచే వేళకూ మధ్య, ఆమె వాకిట్లో చాపలు పరుస్తారు. తల్లో తండ్రో బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, వెదురు పుల్లలూ గాలిపటాల కాగితమూ పెట్టి కందిలి చెయ్యాలి. నెలవంక కనపడిన సాయంత్రం వాటన్నిటినీ మసీదు సందులో తాడుకు కట్టి వెలిగిస్తారు. ఉస్తానీ అత్తగారి కాలం నుంచీ ఇదే ఆనవాయితీ. నియమం ఒక్కటే: కాగితం పెద్దవాళ్లు పట్టుకోవాలి, కత్తెర పిల్లలు ఆడించాలి.

ఈసారి మోకాళ్ల నొప్పులతో ఉస్తానీ వాకిట్లో వేసిన మంచం మీదే ఉండిపోయి, చాపల దగ్గరి పెత్తనం శిష్యురాలికి ఇచ్చింది.

కిందటేడు ఎవరి పిల్లకో వేలు కాస్త గీసుకుంది. ఆ తల్లి వీధిలో నిలబడి దాని గురించి మాట్లాడింది. వేలు మానిన తర్వాత కూడా ఆమె మానలేదు. అందుకని మెహరున్ ఈసారి నెలవంకలు, చుక్కలు, మసీదు కిటికీలు అన్నీ ఇంటి దగ్గరే పెద్ద కత్తెరతో తీర్చి కోసి, బుట్టలో తెచ్చేది. తల్లులు అతికించేవాళ్లు. పిల్లలు మైదా జిగురు గిన్నె పట్టుకుని కూర్చునేవాళ్లు. కొందరు అందులోది తినేవాళ్లు కూడా. వాళ్లకు ఇంకా రోజా ఉపవాసాల వయసు రాలేదు కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

హబీబా సంగతి వేరు. దాని తల్లి పోయింది. తండ్రి మౌలాలికి బస్టాండు దగ్గర సైకిల్ షాపు. ట్యూబుకి చిల్లు ఎక్కడుందో నీళ్లలో ముంచి ఇట్టే కనిపెడతాడు. ఇంట్లో గాలి ఎక్కడ పోతోందో మాత్రం కనిపెట్టలేడు. నిరుడు కరీమున్‌ను చేసుకున్నాడు. కరీమున్ పిల్లకు జడ వేస్తుంది, పిల్ల వేయించుకుంటుంది. అన్నం పెడుతుంది, పిల్ల తింటుంది. కానీ ఆమెతో ఒక్క మాట మాట్లాడదు. మంచినీళ్లు కావాలన్నా గోడ వైపు తిరిగి గోడకు చెబుతుంది.

ఈ సంగతి చీరాలలో ఉన్న పిల్ల అమ్మమ్మ నాగూర్‌బీకి తెలిసింది. ఎలా తెలిసిందా అని మా వీధిలో అందరూ ఆశ్చర్యపోయారు. ఆ కబురు మోసినవాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ ఆశ్చర్యపోయారు. నాగూర్‌బీ కబురు పెట్టింది: "నెలవంక రోజున వస్తా. అప్పటికీ పిల్ల ఆమెకు మాలిమి కాకపోతే నాతో తీసుకుపోతా. నా దగ్గరే పెరుగుతుంది."

మౌలాలి సరే అన్నాడు. మౌలాలి ఎవరు ఏమన్నా సరే అంటాడు. కరీమున్ ఆ రోజు నుంచి పిల్ల గౌన్లు ఉతికి దండెం మీదే వదిలేసేది. మడతపెడితే సంచిలో పెట్టడమే మిగులుతుందని కాబోలు.

"వాళ్లిద్దరి చేతులూ ఒక్క కాగితం మీదికి తీసుకురా," అని ఉస్తానీ మెహరున్‌తో చెప్పింది.

మెహరున్ రోజూ వాళ్ల ముందు అందరికంటే మంచి నెలవంకలు పెట్టింది. కరీమున్ అతికించింది. హబీబా గోడ వైపు తిరిగి కూర్చుంది. అలాగే ఆఖరి రోజు వచ్చేసింది.

ఆ సాయంత్రం ఆటో ఒకటి ఉస్తానీ వాకిటి ముందు ఆగింది. ఇంజను ఆగలేదు. నాగూర్‌బీ దిగింది. ఆ వేళకే మౌలాలికి షాపులో ఎన్నడూ లేనంత పని తగిలింది.

మెహరున్ ముందే సిద్ధంగా ఉంది. బుట్టలోంచి ఒక కందిలి తీసి హబీబా ఒళ్లో పెట్టింది. కరీమున్ చెయ్యి పట్టుకుని దాని మీద వేసింది.

"చూడండి నానీ, ఇద్దరూ కలిసి చేశారు."

నాగూర్‌బీ కందిలిని అందుకుని ఇటూ అటూ తిప్పింది.

"బాగుంది. ఎవరు కోశారే ఈ చందమామని?"

హబీబా మెహరున్‌ను చూపించింది.

"అతికించింది ఎవరు?"

తల తిప్పకుండా కరీమున్ వైపు వేలు చూపించింది.

"మరి నువ్వేం చేశావు?"

పిల్ల ఆలోచించింది. "కూర్చున్నా."

వాకిట్లో జిగురు తినే పిల్లలు కూడా తినడం ఆపారు. నాగూర్‌బీ కందిలిని జాగ్రత్తగా చాప మీద పెట్టింది.

"నీ తప్పేం లేదమ్మా," అంది కరీమున్‌తో. "పిల్ల మనసు, ఎవరేం చేస్తారు. వెళ్లి గౌన్లు పట్టుకురా."

కరీమున్ లేచింది. ఇల్లు పక్కనే. వెళ్లి రావడానికి ఎంతసేపూ పట్టదు. కానీ ఆమె వెళ్లి చాలాసేపైంది.

మెహరున్ ఉస్తానీ మంచం దగ్గరికి వెళ్లి నిలబడింది.

"నేనేం తక్కువ చేశాను ఉస్తానీ? ఎవరి వేలూ తెగలేదు. ఒక్క కాగితం వంకర పోలేదు. ఇంతకంటే ఎట్టా చెయ్యాలి?"

ఉస్తానీ మంచం దిగింది. మోకాళ్లు పట్టుకుని, గోడ పట్టుకుని, వచ్చి హబీబా ఎదురుగా చాప మీద కూర్చుంది. ఆకుపచ్చ కాగితం ఒకటి తీసి మడిచింది.

"పెద్ద కత్తెర ఇటివ్వు."

"అది నిన్ననే సాన పట్టించాను ఉస్తానీ."

"ఇవ్వు."

దాన్ని పిల్ల చేతిలో పెట్టింది. కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని, కత్తెర ఎటు పోవాలో అటే వేళ్లు ఆనించింది.

"కొయ్యి."

మా వీధి ఆడవాళ్లందరూ ఒకేసారి మాట ఆపడం కరెంటు పోయినప్పుడు కూడా జరగదు. అప్పుడు జరిగింది. కత్తెర నోరు తెరిచింది. పిల్ల రెండు చేతులతోనూ దాన్ని మూసింది. కాగితం కిర్రుమంది. అందరి కళ్లూ ఆ కత్తెర మీదే ఉన్నాయి. ఉస్తానీ కళ్లు మాత్రం పిల్ల మొహం మీద ఉన్నాయి.

కత్తెర అంచు ఉస్తానీ బొటనవేలి దగ్గరికి వచ్చేసరికి పిల్ల ఆగి, తలెత్తి చూసింది. ఉస్తానీ మొహంలో ఏ మార్పూ లేదు. పిల్ల మళ్లీ కోసింది. వేలి పక్కగా పోయింది.

సగం కోసాక ఉస్తానీ కాగితం వదిలేసింది.

"నా చెయ్యి వణుకుతోంది. ఎవరన్నా పట్టుకోండి."

ఆ చెయ్యి వణకలేదు. అందరూ చూశారు.

మెహరున్ గబగబా కూర్చుంది. కాగితాన్ని ఆ చివర, గోళ్లతో పట్టుకుంది. కత్తెర ఇంకా ఎంతో దూరంలో ఉండగానే చెయ్యి వెనక్కి లాక్కుంది. కాగితం చిరిగింది.

హబీబా కత్తెర కింద పెట్టింది. గోడ వైపు తిరిగింది.

బయట హారన్ మోగింది. "అమ్మా, ఇంకా ఆలస్యమైతే దారిలోనే పొద్దు గూకుద్ది," అన్నాడు ఆటో సుబ్బారావు.

కరీమున్ గడప దగ్గర నిలబడి ఉంది. చేతిలో సంచి. లోపల గౌన్లు మడత లేకుండా కుక్కి ఉన్నాయి. ఎప్పుడు వచ్చిందో, ఎంతవరకు చూసిందో తెలీదు. సంచి గడప మీద పెట్టి, వచ్చి కూర్చుంది. చిరిగిన కాగితాన్ని తీసి, చిరుగు లోపలికి పోయేటట్టు మళ్లీ మడిచింది. ఉస్తానీ వేళ్లు ఉన్నచోటే తన వేళ్లు ఆనించి పట్టుకుంది. పిలవలేదు. బతిమాలలేదు. పట్టుకుని కూర్చుంది.

ఆమె చెయ్యి నిజంగానే వణికింది. కాగితం టపటపమంది.

ఆ చప్పుడుకు హబీబా ఇటు తిరిగింది. కాగితాన్ని చూసింది. చేతిని చూసింది.

"అట్టా కదిలిస్తే ఎట్టా కొయ్యాలి?"

ఆ మాట గోడతో అన్నది కాదు.

"కదల్చను," అంది కరీమున్.

పిల్ల కత్తెర తీసుకుంది. నాలుక పంటికింద పెట్టి కోసింది.

"వేలు తియ్యి."

"తీస్తే జారిపోద్ది."

"తెగుద్ది."

"చూసి కొయ్యి."

కత్తెర మెల్లగా వంపు తిరిగింది. ఒకచోట వేలిని తాకింది. కరీమున్ పెదవులు బిగుసుకున్నాయి, చెయ్యి కదల్లేదు. నాగూర్‌బీ ఒక అడుగు ముందుకు వేసింది. ఉస్తానీ చెయ్యి అడ్డం పెట్టింది.

"నొప్పా?" అంది పిల్ల.

"లేదు."

"అబద్ధం."

"కొంచెం."

"ఆపనా?"

"కానియ్యి."

అయిపోయింది. మడత విప్పితే అది నెలవంక కంటే జీడిపప్పుకు దగ్గరగా ఉంది. వేలు అడ్డం ఉన్నచోట ఒక బొడిపె. మధ్యలో చిరుగు.

నాగూర్‌బీ వంగి చూసింది. "ఎవరు కోశారు?"

"నేను."

"పట్టుకుంది ఎవరు?"

హబీబా కరీమున్ వేలు పట్టుకుని పైకెత్తి, ఎర్రగా కమిలినచోట చూపించింది. "ఈ వేలే. ఆపనా అంటే వద్దంది."

నాగూర్‌బీ ఆ వేలి వంక, దాన్ని పట్టుకున్న చిన్న చేతి వంక చాలాసేపు చూసింది. తర్వాత గడప మీది సంచి తీసి కరీమున్ ఒళ్లో పెట్టింది.

"గౌన్లు ఇట్టా కుక్కుతారా. మడతపెట్టుకో," అంది. బయటికి తిరిగి, "ఇంజను ఆపు నాయనా. ఇఫ్తార్ ఇక్కడే."

"నాకు రోజా లేదమ్మా."

"పకోడీకి రోజాతో ఏం పని. లోపలికి రా."

ఆటో ఆగాక వీధి ఎంత నిశ్శబ్దంగా ఉందో తెలిసింది.

మెహరున్ తన బుట్ట ముందేసుకుని కూర్చుంది. అందులో ఒక్క వంకర లేని నెలవంకలు ఇంకా బోలెడు ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే తీసి చాప మీద పరిచి, ఇఫ్తార్‌కు వచ్చేవాళ్ల కోసం ఒక్కోదాని మీద ఒక్కో ఖర్జూరం పెట్టింది. తర్వాత కొత్త కాగితం తీసి మడిచి, ఇమాం గారి ఆఖరి పిల్లను పిలిచింది. పండగ ముస్తాబని చెప్పి మేక గడ్డం కత్తిరించిన పిల్ల అది. ఆ తర్వాత ఆ మేక ఆడపిల్లలు ఎవరు కనపడినా పారిపోతోంది.

పెద్ద కత్తెర ఆ పిల్ల చేతికిచ్చి, మెహరున్ కాగితం దగ్గరగా పట్టుకుంది. కళ్లు గట్టిగా మూసుకుంది.

"కళ్లు తెరువు," అంది మళ్లీ మంచం ఎక్కిన ఉస్తానీ.

తెరిచింది. కత్తెర మొన వైపే చూస్తోంది.

"అటు కాదు."

మెహరున్ చూపు కత్తెర మీద నుంచి పిల్ల చేతి మీదికి, అక్కణ్నుంచి మెల్లగా పైకి వెళ్లింది. పిల్ల ఆమె మొహంలోకే చూస్తూ ఉంది.

మెహరున్ చెయ్యి కదల్లేదు.