కొంగులో నేసిన పేరు

చేనేత పోటీలో మొదటి బహుమతి వ్యాపారి సాంబయ్య తెచ్చిన చీరకు వచ్చింది. దాని కొంగు నిండా నలుపు తెలుపు గళ్ళు.

"ఈ నమూనా నా బుర్రలో పుట్టిందే," అన్నాడు సాంబయ్య, వేదిక మీద మీసం దువ్వుతూ.

ఆయన దగ్గర కూలికి నేసే వీరమణి జనంలోంచి లేచింది. "కాదండీ, నమూనా నాది. మూడు నెలలు కష్టపడి నేశాను."

"మగ్గం ఆడించేదానివి, నీకు నమూనాలేమిటి?"

"అయితే ఆ కొంగులో ఏం రాసి ఉందో చెప్పండి."

సాంబయ్య పగలబడి నవ్వాడు. "గళ్ళలో రాతేమిటి, పిచ్చిదానా! ఏమీ లేదు."

వీరమణి బహుమతి ఇచ్చే అధికారిణి వైపు తిరిగింది. "మీ ఫోన్‌తో ఒకసారి స్కాన్ చేయండమ్మా."

ఆవిడ కొంగుకు ఎదురుగా ఫోన్ పట్టుకుని, తెర మీద వచ్చినదాన్ని పైకి చదివింది. "నమూనా, నేత: చింతకింది వీరమణి."

"నా పేరుతో ఫోన్‌లో క్యూఆర్ కోడ్ చేసుకుని, దాన్ని చూస్తూ గడి తప్పకుండా నేశానమ్మా," అంది వీరమణి.

సాంబయ్య ముఖం మాడిపోయింది. "ఆ మాట నాకు ముందే చెప్పొద్దూ?"

"నమూనా మీదేనన్నారుగా! మీకు తెలిసే ఉంటుందనుకున్నానండీ," అంటూ ఆమె బహుమతి అందుకోవడానికి వేదిక ఎక్కింది.