పులుసుపాటకు బంగారు గరిటె

సాగరదుర్గం మహారాజు కుముదసేనుడికి ఆ ఏడు ఓ పంతం పట్టుకుంది. "ఈసారి గరిటె ఎవరికి దక్కినా సరే, ఎందుకు దక్కిందో నా కంటికి కనిపించాలి!" అన్నాడు నిండు సభలో.

గరిటె అంటే వంటింటి గరిటె కాదు, బంగారు గరిటె. సాగరదుర్గం రేవులో ఏ దేశపు ఓడ ఆగినా, ఆ ఓడవాళ్లు తమ దరువు ఒకటి అక్కడ వదిలిపోయేవారు. రేవు జనం వాటన్నిటికీ తమ డోలూ, తమ పదాలూ కలిపి, విన్నవాడి కాలు నిలవనివ్వని పాట ఒకటి తయారుచేశారు. అన్ని దినుసులూ పడ్డాయి కనుక దానికి పులుసుపాట అని పేరు పెట్టుకున్నారు. ఏటా కార్తీకంలో ఆ పాట బాగా పాడిన మేళానికి రాజుగారు ఆ గరిటె బహూకరించేవారు.

తీర్పు చెప్పేది తాళబ్రహ్మ గౌరీపతి. ఆయన చెవి గొప్పదే, కాదనడానికి లేదు. కానీ ఆరేళ్లుగా గరిటె ఆయన మేనల్లుడు గిరిధరుడి ఇల్లు దాటింది లేదు. గిరిధరుడు తప్పు పాడడు, పాపం. వినేవాళ్లకే ఆవులింతలు వస్తాయి.

"ప్రభూ, సంగీతం కంటికి కనిపించేది కాదు," అన్నాడు గౌరీపతి. "నా మనసు కదిలితే గరిటె. కదలకపోతే లేదు."

"కనిపించేలా చేసే పూచీ నాది ప్రభూ!"

అన్నవాడు కొమ్మన. సభలో ఆసనాలూ తివాచీలూ చూసుకునే ఉద్యోగి. చేతికి ఎంత పనో, నోటికి అంత పదును.

"చేసి చూపించు. నా మెడలో హారం నీది," అన్నాడు రాజు.

హారం సంగతి కొమ్మనకు పెద్దగా పట్టలేదు. అతని దిగులంతా నూకాలు గురించి. రేవులో వలలు అల్లుకు బతికే ఆ మనిషి డోలు పడితే సముద్రం కూడా ఒక అడుగు ముందుకు వేస్తుందని అతని నమ్మకం. అలాంటి నూకాలు వరసగా ఆరేళ్లు ఓడింది. పైగా, ఏడుసార్లు ఓడినవాళ్లు ఇక సభ గడప తొక్కకూడదని గౌరీపతి కొత్తగా నియమం పెట్టించాడు.

ఆ సాయంత్రం నూకాలు తను పాడబోయే చోటు చూసుకోవడానికి వచ్చింది.

"ఈపాలి కూడా ఓడిపోతే నా డోలు అటకెక్కిపోద్ది బాబూ," అంది. "ఆ తాళబ్రహ్మ బాబు కళ్లు మూసుకుని రాయిలాగ కూకుంటాడు. రాయికి పాట ఏటని ఇనిపించేది?"

"నువ్వు ఎప్పట్లాగే వాయించు. రాయి సంగతి నేను చూసుకుంటాను."

ఆ సభలో ఒక మర్యాద ఉంది. కొలువులో ఎవరి పాదాలూ ఎవరికీ కనిపించకూడదు. అందుకని సింహాసనం మొదలు ప్రతి ఆసనం ముందూ నేల తాకేలా పట్టుతెర వేలాడుతుంది. ఆ తెరలు కట్టేదీ, వాటి వెనక తివాచీలు సర్దేదీ కొమ్మనే.

మర్నాడే పోటీ; ఆ ఏడు బరిలో ఉన్నవి గిరిధరుడి మేళం, నూకాలు మేళం, రెండే. పొద్దున్నే కొమ్మన రెండు పీటలు పట్టుకొచ్చాడు. రెండింటి మీదా వరిపిండితో చుక్కల ముగ్గు.

"తాళబ్రహ్మగారి పాదాలు ఉత్త తివాచీ మీద ఉండటమేమిటి, అపచారం! మేళానికో కొత్త పీట వేస్తానండి."

గౌరీపతి మీసం దువ్వుకున్నాడు. "ఇన్నాళ్లకు నీకు మర్యాద తెలిసిందోయ్," అని పాదాలు మెల్లగా ముగ్గు మీద ఆనించాడు.

ముందు గిరిధరుడు పాడాడు. అక్షరం జారలేదు, తాళం తప్పలేదు. సేనాపతి మాత్రం చక్కగా కునుకు తీశాడు.

కొమ్మన ఆ పీట తీసి రెండోది వేశాడు. నూకాలు డోలు మీద దెబ్బ వేసింది. రెండో దరువుకే సేనాపతి లేచి కూర్చున్నాడు. మంత్రిగారు ఆసనం చేతులు గట్టిగా పట్టుకున్నారు. గౌరీపతి ముఖంలో మాత్రం చిన్న కదలిక లేదు.

పాట ఆగగానే ఆయన కళ్లు తెరిచి, "లయ మోటు, గొంతు మోటు. నా మనసు రవ్వంతైనా కదల్లేదు. గరిటె గిరిధరుడికే," అన్నాడు.

నూకాలు డోలు కర్రలు కింద పెట్టేసింది. ఆమె కళ్లలో నీళ్లు చూసి కొమ్మనకు ఒళ్లు మండింది. గబగబా వెళ్లి రెండో పీట కూడా లాగి, రెండూ తెచ్చి రాజుగారి ముందు పెట్టాడు.

మొదటి పీట మీద చుక్క చెదరలేదు. రెండో పీట మీద ముగ్గు జాడే లేదు. పిండి అంచులకు ఎగిరిపోయింది. మధ్యలో మడమలూ బొటనవేళ్లూ తొక్కిన గుర్తులు, ఒకదాని మీద ఒకటి.

"ఏమిటయ్యా ఇది?" అన్నాడు రాజు.

"తాళబ్రహ్మగారి మనసు సంగతి నాకు తెలియదు ప్రభూ. ఆయన పాదాలు ఇచ్చిన తీర్పు మాత్రం ఇది!"

గౌరీపతి ముఖం కందగడ్డ అయింది. "చీమలు! పిండికి చీమలు పట్టి నా కాళ్లు కుట్టాయి!"

"డోలు మొదలవగానే కుట్టి, ఆగగానే మానేసిన చీమలా ప్రభూ? అంత తాళజ్ఞానం ఉంటే గరిటె వాటికే ఇచ్చేయండి!"

సభ పగలబడి నవ్వింది. రాజు నవ్వలేదు. తన సింహాసనం ముందున్న తెర తనే పైకెత్తాడు. రాజుగారి కుడికాలి జోడు ఊడిపోయి మూరెడు దూరాన బోర్లా పడి ఉంది.

"గౌరీపతిగారూ, మీరేమనుకుంటారోనని ఆరేళ్లుగా నా కాళ్లు నేనే తొక్కిపెట్టుకుని ఛస్తున్నానండీ!"

ఈసారి రాజు కూడా కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఏడుసార్ల నియమం అక్కడికక్కడే కొట్టేసి, గరిటె నూకాలు చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని డోలు మీద ఆనించి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

గౌరీపతి తల దించుకునే నూకాలు దగ్గరకు వచ్చాడు. ఎంతైనా చెవి ఉన్న మనిషి. "అమ్మాయీ," అన్నాడు గొంతు తగ్గించి, "ఆ మూడో దరువు ఏ దేశపు ఓడవాళ్లది?"

"ఓడవోళ్లది కాదు బాబూ. వల అల్లేటప్పుడు మా కాళ్లు ఏసే దరువది."

"ఇంకొక్కసారి వాయిస్తావా?"

నూకాలు కర్రలు అందుకుంది. రాజు మెడలోని హారం తీసి కొమ్మన మెడలో వేస్తూ, "తెరలన్నీ పీకెయ్యవోయ్!" అని కేకపెట్టాడు. కొమ్మన ఒక్కో తెరా లాగుతుంటే మంత్రిగారివీ సేనాపతివీ, కొలువులో అందరి పాదాలూ బయటపడ్డాయి. ఒక్క పాదమూ ఊరికే లేదు.